గుంటూరు సీమలో రెండు గీతలు

మా మాస్టారు భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. నేను అదే పాఠశాలలో తెలుగు చెప్పి బయటపడినవాడను. ముప్పది యేండ్లు ఒకే గదిలో ఎదురెదురు కుర్చీలలో కూర్చుండి, ఆయన విద్యలోని ప్రశ్నలు పెద్దవా నా విద్యలోనివి పెద్దవా యని వాదులాడుకొంటిమేగాని తీర్పు చెప్పువారు దొరకలేదు. శ్రావణ బహుళ అమావాస్యకు గుంటూరు పోదము రమ్మని ఆయన కబురంపగా, మా యింటివారు అది ఏదో పితృకార్య మనుకొనిరి. నేను మాత్రము ఒక షరతు పెట్టితిని. వెళ్లునది ఆయన కోరిన యూరికైనచో, తిరిగివచ్చునది నేను కోరిన భట్టిప్రోలు మీదుగా. ఆయన నవ్వి యొప్పుకొనిరి.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ మంగళవారము, అనగా విభవ నామ సంవత్సరపు శ్రావణ అమావాస్యనాడు, ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున గుంటూరు పట్టణము మీద సూర్యుడు అయిదు నిమిషములకు పైచిలుకు సంపూర్ణముగా మరుగుపడెను. ఆ అయిదు నిమిషముల కొరకై పారిసు నుండి పియరీ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి వచ్చి ఇచ్చట మకాము పెట్టెను. ఆంగ్లేయుల పక్షమున మేజరు టెన్నంటు దూరదర్శినితోను, ఛాయాచిత్రపు పలకలతోను దిగెను. జాన్సెన్ చిన్ననాడే కాలు చెడి కుంటివాడైనవాడు. అయినను గ్రహణము పట్టిన చోటికెల్ల పోవుట ఆయనకు వ్యసనము. రెండేండ్ల తరువాత పారిసు నగరమును శత్రుసేనలు ముట్టడించియుండగా, మరొక గ్రహణమును చూచుటకై ఆయన వాయుగోళ మెక్కి ముట్టడి పైనుండి తప్పించుకొని అల్జీరియా చేరెనట; తీరా నాడు అచ్చట మబ్బు క్రమ్మెను. అట్టివానికి గుంటూరు ఆకాశము మేలు చేసినదని తలచుకొనిన మనకును ఒకింత గర్వము కలుగక మానదు.

గుంటూరులో ఆయన ఒక ఫ్రెంచి వర్తకుని యింట విడిసెనని చదివియుంటిమి. ఆ యిల్లెక్కడిదని మేము పూర్వాహ్ణమంతయు పాతబస్తీ సందులలో తిరిగి వృద్ధులను విచారించితిమి. ఒకాయన మమ్ము చర్చి వైపు పంపెను, మరొకాయన కలెక్టరు కచ్చేరీ వైపు పంపెను, మూడవ యాయన, "మిరప యార్డు చూశారా? చూడకపోతే గుంటూరు చూసినట్టే కాదండీ" యని మా యన్వేషణనే మార్చబోయెను. ఆ యిల్లు మాకు దొరకలేదు. మాస్టారు మాత్రము నిరాశపడక, ఒక టీ దుకాణము ముందు బల్లపై కూలబడి సంచిలోనుండి ఇత్తడి గొట్ట మొకటి తీసిరి. అరచేతిలో ఇమిడెడి వర్ణపటదర్శిని యది; ఒక కొసను సన్నని చీలిక, లోపల పట్టకము, రెండవ కొసను కన్ను పెట్టు రంధ్రము.

"బాబూ, చిటికెడు ఉప్పు ఇస్తావా?" యని దుకాణదారు నడిగిరి.

"టీలో వేసుకుంటారా ఏంటండీ?" యని అతడు వింతగా చూచుచు ఉప్పుడబ్బా అందించెను. మాస్టారు అనుమతి తీసికొని ఆ చిటికెడు గ్యాసు పొయ్యి మంటపై చల్లగా, నీలముగా మండుచుండిన జ్వాల ఒక్కసారి పసుపు వన్నె దాల్చెను. గొట్టము నా కంటికి ఆనించిరి. చీకటిలో ఒకే ఒక పసుపు గీత, సూదితో గీసినట్లు! ఉప్పులోని సోడియము ఎక్కడ మండినను అదే చోట అదే గీత కనబడునట. చూపునకు ఒకటిగా దోచు ఆ గీత నిజమునకు జంట గీతయనియు, జర్మనీ దేశమున ఫ్రౌన్‌హోఫరు 19వ శతాబ్దారంభమున సూర్యకాంతిలోని నల్లని గీతలకు అక్షరములతో పేరులు పెట్టినపుడు సరిగా ఈ తావున నున్న నల్లని జంటకు డి యను పేరు వచ్చెననియు మాస్టారు చెప్పుచుండగా, దుకాణదారుడు టీ కాచుట మాని తన వంతుకై మా ప్రక్కన నిలువబడెను.

1835లో ఆగస్టు కాంటు అను ఫ్రెంచి తత్త్వవేత్త, నక్షత్రముల దూరములను, గతులను మానవుడు గణింపగలడేమోగాని అవి యే పదార్థముతో నైనవో యెన్నటికిని తెలిసికొనజాలడని నిశ్చయముగా వ్రాసెను. పాతికేండ్లయినను గడువకమున్నే, 1859లో, హైడెల్‌బర్గు నగరమున కిర్చాఫు, బున్సెన్ అను నిరువురు ఇట్టి మంటలోనే లవణములు చల్లి చల్లి, సూర్యకాంతిలోని నల్లని డి గీత సోడియపు నీడయే యని స్థాపించిరి. మహాప్రశ్నకు వారు ఎదురుపోలేదు. సూర్యుడేమి యని అడుగుట మాని, ఈ గీతయు ఆ గీతయు ఒక్క చోటనే యేల నున్నవని యడిగిరి. మన పంచాంగకర్తలు గ్రహణము ఎప్పుడు పట్టునో, ఎప్పుడు విడుచునో వేళతో చెప్పగలిగినవారే. ఆ శాస్త్రము చిన్నది కాదు. కాని పట్టబడిన వస్తువు దేనితో చేయబడినదను ప్రశ్నకు ఆ గణితములో తావు లేదు. ఆ తావు వంటింటి ఉప్పులో దొరకెను.

"అయితే హీలియం మా ఊళ్లోనే కనుక్కున్నారంటారుగా!" యని దుకాణదారుడు ఉత్సాహముతో అడిగెను. ఈ మాట గుంటూరులో చదువుకొన్నవారి నోట మిక్కిలి తరచుగా వినబడును. మాస్టారు మొగము చిట్లించిరి. ఈ విషయమున ఆయన నిర్దయులు.

ఆయన చెప్పినది ఇది. నాడు చీకటి పడగానే సూర్యబింబపు అంచున పైకెగసిన జ్వాలల వైపు జాన్సెన్ తన చీలికను త్రిప్పగా వర్ణపటమునకు మారుగా కొన్ని మెరసెడి గీతలు మాత్రము కనబడెను. ఆ జ్వాలలు మండుచున్న వాయువే గాని మబ్బులు గావనియు, అందు ప్రధానమైనది హైడ్రొజననియు తేలిపోయెను. ఆయన గొప్పతనము అంతటితో ముగియలేదు. గీతల ప్రకాశ మంతగా నున్నదే, గ్రహణము లేనపుడు మాత్రమేల చూడరాదని ఆ చీకటిలోనే ఆయనకు తోచెను. ఆకాశపు వెలుగును పట్టకముచే మిక్కిలిగా పరచినచో అది పలుచనై పోవును. గీత మాత్రము గీతగానే నిలుచును గదా! ఆనాడు మబ్బు పట్టుటచే ఆగి, మరునాడు 19వ తేదీ తెల్లవారగనే చీలికను సూర్యుని అంచున నిలిపి, ప్రపంచమున తొలిసారిగా గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూచెను. తరువాత పదునేడు దినములు గుంటూరులో ఆయనకు ప్రతిదినమును గ్రహణమే. అందరును అయిదు నిమిషములు చూచి పెట్టెలు సర్దుకొనుచుండగా, ఈ కుంటి మనుష్యుడు ఒక క్షణికమైన దృశ్యమును నిత్యము చేసికొని కూర్చుండెను.

"ఇదీ మీ ఊరు చేసిన పని. హీలియం కాదు. అంతకన్నా గొప్పది" అని మాస్టారు గుక్క త్రిప్పుకొనిరి. దుకాణదారుడు ఈ బేరము తనకు లాభమో నష్టమో తేల్చుకొనలేక గ్లాసులు కడుగసాగెను.

జాన్సెన్ ఈ వార్తను సెప్టెంబరు 19న కాకినాడనుండి వ్రాసి పారిసుకు పంపెను. ఆ లేఖ అచ్చుపడినపుడు శీర్షికలో కాకినాడ పేరే నిలిచెను గనుక, గుంటూరువారితో కాకినాడవారు ఎన్నడైన తగవునకు దిగదలచినచో వారికొక ఆధారము కలదు. ఆ లేఖ ఓడలో పోవుచుండగా, లండనులో నార్మన్ లాకియరు అను యుద్ధశాఖ గుమాస్తా, గ్రహణము చూడకయే, స్వబుద్ధితో అదే పద్ధతిని కనిపెట్టి అక్టోబరు 20న ఆ గీతలను చూచెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26న ఒకే సభలో చదువబడినవి. ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించి తగవు రాకుండ చేసెను. ఇక ఆ గీతలలో పసుపు గీత యొకటి కలదు. చూచినవారిలో చాలమంది అది సోడియమే యనుకొనిరి. అంత దగ్గరగా నున్నది! మచిలీపట్టణమున మద్రాసు నక్షత్రశాల పక్షమున చూచిన పాగ్సన్ ఆ పసుపు గీతను ప్రత్యేకముగా గమనించి వ్రాసిపెట్టినవారిలో నొకడు. నాలుగేండ్లకు ముందే, 1864 నవంబరులో, వేలకొలది ప్రజలను పొట్టపెట్టుకొనిన ఉప్పెనలో ముక్కలైన యూరది. ఆ శిథిలముల నడుమ ఒకడు యంత్రము నిలిపి సూర్యునిలోని గీత నెమకుచుండుట తలచుకొనిన నాకు మనసు ఎటో పోవును. అదే నక్షత్రశాలవారి మరియొక బృందమునకు నాయకుడై రఘునాథాచారి వనపర్తికి పోయెను; చర నక్షత్రమును కనుగొనిన మనవాడు.

లాకియరు కొలిచి చూడగా ఆ పసుపు గీత సోడియపు జంటమీద పడలేదు. వెంట్రుకవాసి ఆకుపచ్చ వైపునకు జరిగి నిలిచెను. దానికి డి-3 అని పేరు పెట్టిరి. భూమిపై నున్న యే పదార్థమును మండించినను అట్టి గీత రాకపోవుటచే, సూర్యునికి గ్రీకు భాషలో నున్న పేరు గైకొని దానిని హీలియం అనిరి. ఆ పేరులోని తుది అక్షరములు లోహములకు పెట్టు ప్రత్యయము. అది లోహమేమో యని వారి యూహ. తరువాత అది వాయువని తేలినను పేరు మారలేదు. నేడు బెలూనులు నింపు ప్రతి కుఱ్ఱవాడును ఆ పొరపాటును నోరార పలుకుచున్నాడు. ఇరువదియేడేండ్లు అది ఒక గీత మాత్రమే. ఉన్నదో లేదో తెలియని వస్తువునకు పేరు. అమెరికాలో హిల్లెబ్రాండు అను రసాయనజ్ఞుడు యురేనియపు రాతినుండి ఆ వాయువును వెలువరించి, చేత పట్టుకొని, నైట్రొజను కాబోలునని విడిచెను. 1895లో లండనులో రాంసే అట్టి రాతినే ఆమ్లముతో కాచి ఆ వాయువును వెలిగించి చూడగా, గుంటూరునాటి ఆ గీతయే మెరసెను. హిల్లెబ్రాండుపై నాకు జాలి యెక్కువ. దగ్గరగా నున్న సమాధానముకంటె ప్రమాదకరమైనది మరియొకటి లేదు. తప్పు అయినచో వెంటనే పట్టుబడును, దగ్గరదియైనచో తృప్తిపరచి నిద్రపుచ్చును.

మరునాడు అమరావతి. బస్సు ప్రయాణము గూర్చి వ్రాయదగిన దేమియు లేదు. అమరేశ్వరుని దర్శించుకొని, కృష్ణ యొడ్డున కొంతసేపు కూర్చుండి, స్తూపము నున్న చోటికి పోతిమి. చూడబోవువారు ముందే మనస్సు గట్టిచేసికొని పోవలయును. పల్లపు గడ్డినేల, గుండ్రముగా కొన్ని రాళ్లు, అంతే. 18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు ఇచ్చట రాజధాని కట్టించుకొనునపుడు ఈ దిబ్బ రాళ్లను త్రవ్వించిరి. ఆ వార్త విని కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. తీరిక చిక్కి మరల 1816లో వచ్చి చిత్రకారులచే ఫలకములను గీయించుసరికి నడుమ ఎన్నియో పోయినవి. నేడు కొన్ని శిల్పములు ఆ కాగితములపై మాత్రమే మిగిలియున్నవి. 1845లో ఎలియట్ త్రవ్వించినవి మొదట మద్రాసుకును, పిదప లండనుకును పోయినవి. సూర్యుని గూర్చి యడుగువాడు ఈ దినము చూడకున్న రేపు చూడవచ్చును. సూర్యు డెచ్చటికిని పోడు. నా విద్యలో ప్రశ్న వేయుచుండగనే ప్రశ్నించబడునది సున్నపు బట్టీలో కాలుచుండును. ఈ మాట మాస్టారితో అనగా, ఆయన మొదటిసారిగా ఎదురు చెప్పలేదు.

మెకంజీ యొక్కడే చేసిన పని కాదది. కావలి వేంకట బొఱ్ఱయ్య, అతని సోదరులు ఊరూర తిరిగి శాసనములకు నకళ్లు తీసి, కైఫీయతులు సేకరించి, పాత కన్నడపు లిపిని చదివి పెట్టినందుననే ఆ దొర సేకరణ నిలిచినది. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయసుననే చనిపోయెను. పతకముపై ఎవ్వరును ఆయన ముఖము ముద్రింపలేదు.

మ్యూజియములో ఫలకములపై చిన్న చిన్న దానశాసనములు చూపుచు నేను నా కథ మొదలిడితిని. ఈ బ్రాహ్మీలిపి వేయేండ్లకు పైగా చదువువారు లేక మూగపోయియుండగా, 1837లో జేమ్సు ప్రిన్సెప్ సాంచీ ప్రాకారమునందలి పొట్టి పొట్టి వ్రాతలన్నియు అవే రెండక్షరములతో ముగియుట గమనించి, భక్తులు ఇచ్చిన వస్తువుపై కడపట ఏమి వ్రాయుదురని యోచించి, అది "దానం" కావలెనని యూహించెను. మిగిలిన అక్షరములు ఒకటొకటే నోరు విప్పినవి. మాస్టారు ఫలకము దగ్గరకు వంగి, "అంటే ఇదీ డి గీతేనన్నమాట, పంతులుగారూ. ప్రతి మంటలోనూ మళ్లీ మళ్లీ వచ్చేది" అనిరి. నాకు ఆ పోలిక ముందే తోచవలసినది; తోచనందుకు కొంచెము ఈర్ష్య కలిగినమాట నిజము.

ఈ అమరావతి రాతిముక్క నొకదానిపై "నాగబు" అను పదము కలదనియు, అది తెలుగు పలుకనియు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. మనకు దొరకిన తొలి తెలుగు మాట అదియే యని పాఠశాలలో ముప్పదియేండ్లు నేను గొంతెత్తి చెప్పినవాడను. అంగీకరింపని పండితులును కలరు. ముందు వెనుక వాక్యము లేని ఒంటి పదము అది. దానికి సాక్షి చెప్పు మరియొక రాయి దొరకువరకు ఆ పదము కూడ సూర్యునిలో కనబడుచు భూమిపై దొరకని గీతవంటిదే యని, తిరుగు బస్సులో, ఎవ్వరును అడుగకుండగనే నేనే ఒప్పుకొంటిని.

మూడవనాడు తెనాలి మీదుగా రేపల్లె బండిలో భట్టిప్రోలు చేరితిమి. వేమూరు, పెనుమఱ్ఱు దాటి బండి పోవుచుండగా ఇరుప్రక్కల కాలువ నీటితో నిండిన వరిమళ్లు. నారు నల్లరేగడి బురదలో సుఖముగా పాతుకొని యుండెను. భట్టిప్రోలు దిబ్బ ఊరికి ఆనుకొనియే కలదు. దాని ఇటుకలును, పాలరాయియును ఒకనాటి యింజనీర్ల కన్ను బడి రోడ్లకును, కాలువ పనులకును తరలిపోయినవి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించగా రాతి భరిణెలు మూడు, వాని లోపల స్ఫటికపు చిన్న పాత్రలు, ధాతువులు, బంగారు పూలు దొరకెను. భరిణెల అంచులపై వ్రాత. కురుడను వాని తండ్రి, తల్లి, కురుడును, శివుడను మరియొకడును కలిసి బుద్ధుని శరీరధాతువులకై యిచ్చిన పెట్టె యది. మరియొక దానిపై ఊరి నిగమ సభ్యుల పేర్ల వరుస. కుబిరకుడను రాజు పేరు. కుమారుని పేరుతో తమ్ము చెప్పుకొనిన ఆ తలిదండ్రుల వాక్యము, నేటి మన పెండ్లిపత్రికలలోని వాక్యమువలెనే, నా కెంతయో తెలిసినదిగా నుండును.

వియన్నాలో నుండిన బ్యూలరు పండితునికి ఆ వ్రాతల అచ్చులు చేరెను. అశోకుని లిపి వచ్చినవానికి ఇవి చదువుట కష్టము కాదు. చదివినచో మాత్రము వింతగా నుండును. అశోకలిపిలో ఏ గుర్తును లేని హల్లు అకారముతో కూడియే యుండును. దాని ప్రక్క చిన్న గీత గీసినచో దీర్ఘమగును. ఆ లెక్కను ఇచ్చట వర్తింపజేసినచో ప్రతి మాటయు అడ్డదిడ్డముగా దీర్ఘములు తీయుచు, నిద్రలో పాఠము వప్పగించు పిల్లవానివలె పలుకును. చెక్కినవాడు తెలివిలేనివాడని తోసిపుచ్చుట సులభము. దగ్గరి సమాధానము అదియే. బ్యూలరు తోసిపుచ్చలేదు. ఇచ్చట గుర్తు లేనిచో అది వట్టి హల్లు, గీత యున్నచో అకారము, దీర్ఘమునకు వేరొక గుర్తు, అను కట్టుబాటును ఆయన తెలిసికొనెను. అనగా ఈ కృష్ణాతీరమున ఎవడో ఒక వ్రాయసకాడు, ఉత్తరాదినుండి వచ్చిన లిపిని వచ్చినది వచ్చినట్లు పుచ్చుకొనక, హల్లు వేరు అచ్చు వేరు అని ఆలోచించి దానిని సవరించెను. తమిళ దేశపు గుహలలోని తొలి వ్రాతలను చదువుటకును ఈ తెలివి మీదట పనికివచ్చెను.

దిబ్బమీద నిలిచి నేను పరవశుడనై, "మాస్టారూ, మన తలకట్టు చూశారా! క మీద ఆ చిన్న గుర్తు తీసేస్తే అకారం పోతుంది. అది ఈ గీతకి వారసురాలే అయివుండాలి. రెండువేల ఏళ్లుగా మన చేతిలో..." అని ప్రసంగము ఎత్తుకొంటిని.

"ఉండాలి అంటున్నారు. ఉందా?" అని మాస్టారు మెల్లగా అడిగిరి.

నేను నిలిచిపోతిని. లేదు. ఉన్నదని చూపుటకు నా యొద్ద ఏమియు లేదు. భట్టిప్రోలు కట్టుబాటు తరువాతి శాసనములలో నిలువలేదు. మన తలకట్టు ఎన్నో శతాబ్దముల పిదప అక్షరము తలపై ఉలి వేసిన నొక్కునుండి క్రమముగా పెరిగినదని లిపిశాస్త్రజ్ఞు లందురు. రెండును ఒకే చోట నిలిచి ఒకే పని చేయుచున్నవి. అంతమాత్రమున రెండును ఒకటి గావు. మొన్ననే హిల్లెబ్రాండుపై జాలిపడినవాడను, గ్యాసు గొట్టము చేత పట్టుకొని నైట్రొజను అనబోతిని. మాస్టారు నన్ను నొప్పింపలేదు. సంచిలోని సోడా సీసా తీసి యిచ్చిరి.

తిరుగు బండి ఆలస్యము. చీకటి పడెను. స్టేషనులో అంతటను తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వెలిగినను, ఒక మూల పాత సోడియపు దీప మొకటి ఎందుచేతనో మిగిలి, నారింజపండు వన్నెతో వెలుగుచుండెను. వేరుసెనగకాయలు అమ్ము పదేండ్ల కుఱ్ఱవాడు మాస్టారి చేతిలోని గొట్టము చూచి, "తాతా, అదేంటి, నన్ను చూడనీవా?" యని గంప దించెను. మాస్టారు గొట్టమును ఆ దీపము వైపు త్రిప్పి వాని కంటికి పెట్టిరి.

"రంగులున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ..." వాడు ఊపిరి బిగబట్టెను. "మధ్యలో నల్లగా ఉంది తాతా. పసుపు ఉండాల్సినచోట."

నేను నమ్మక గొట్టము అందుకొని చూచితిని. నిజమే. టీ దుకాణములో పసుపు గీత మెరసిన సరిగా ఆ తావునే, ఉప్పు దీపములోనే, ఒక నల్లని చీలిక. "ఇదేమిటండీ?" యని నేను మాస్టారివైపు తిరిగితిని. ఆయన కన్నులు మెరసెను, కాని నాకు చెప్పుటకు మారుగా ఆ కుఱ్ఱవాని ప్రక్కన నేలపై గొంతుకూర్చుండి, "నువ్వేమనుకుంటున్నావురా? పసుపు ఎవరు తినేశారు?" అని అడిగిరి. వాడు గంపను ప్రక్కకు నెట్టి, గొట్టము మరల తీసికొని, ఒక కన్ను గట్టిగా మూసి, దీపమునే చూడసాగెను. పల్లెకోన వైపునుండి బండి కూత వినబడెను. వాడు కదలలేదు.